‘ఆంసెంత్’ శబ్ద విచారము

ఆంగ్లమున గర్భిణీవాచకములగు శబ్దములలో ‘ఆంసెంత్’ అనునది యొకటి. ఇది క్రీ. శ. 1600 ప్రాంతమున ఫ్రెంచినుండి యాంగ్లమున చేరినది. దీని వ్యుత్పత్తినిగూర్చి రెండు మతములు కలవు.

మొదటిది 636లో మృతుడైన సెవిల్ నగరపు బిషప్పు ఇసిడోరుని మతము. ఆయన తన ‘ఎటిమోలోగియే’ యను వ్యుత్పత్తిగ్రంథమున ‘ఇంకింక్త’ యను లాటిను రూపమును గ్రహించి, ‘ఇన్’ అనగా లేమి, ‘కింక్త’ యనగా నడికట్టు కట్టుకొన్నది యని విడదీసి, గర్భమువలన నడికట్టు బిగింపరాని స్త్రీ యని వివరించెను. ఇది వినుట కింపైనది. కాని లాటినున ‘ఇన్’ అను నుపసర్గము లేమినే గాక లోపల ననుటను గూడ తెల్పును. కోటను చుట్టిన ప్రాకారమును ఫ్రెంచివారు ‘ఆంసెంత్’ అనుట చుట్టి కట్టుట యను నర్థముననే. కావున రూపమాత్రముచే నీ మతమును స్థాపింపరాదు.

రెండవ మతము ‘ఇంకియెన్స్’ అను ప్రాచీన లాటిను శబ్దము నాశ్రయించినది. చూలుతోనున్న పశువుల కీ పదమును కృషిగ్రంథకర్తలు వాడిరి. దీనికి జ్ఞాతి గ్రీకున ‘ఎంక్యుఓస్’. వీని మూలధాతువునకు ఉబ్బుట యర్థము. సంస్కృతమున దానికి సరియైనది ‘శ్వి’ ధాతువు; ‘శూన’ శబ్దము దానినుండియే పుట్టినది. సంస్కృత శకారమునకు లాటినున కకారము సరిపడుట ‘శతము’, ‘కెంతుమ్’ అను జంటవలన స్పష్టము. ధాత్వర్థము మఱుగుపడిన పిదప జనులు ‘ఇంకియెన్స్’ను తమకు తెలిసిన కట్టుట యను క్రియతో ముడివెట్టి ‘ఇంకింక్త’గా మార్చిరనుట యుక్తతరము. ఇసిడోరుని కథ పదము పుట్టిన తెఱగును గాక, లోకులు దాని నర్థము చేసికొన్న తెఱగును తెల్పును.

ఇక ప్రయోగము. 1611 నాటి యాంగ్ల బైబిలున ‘విత్ చైల్డ్’ అను దేశ్యప్రయోగమే కలదు. ‘ప్రెగ్నంట్’ అను పదము పదునైదవ శతాబ్దినుండి వాడుకలోనున్నను, అమెరికాలో 1952లో ‘ఐ లవ్ లూసీ’ యను టెలివిజను నాటకమున దాని నుచ్చరింప ననుమతి లభింపలేదు. ఆ సంవత్సరము డిసెంబరు 8న ప్రసారమైన భాగమునకు ‘లూసీ ఈజ్ ఆంసెంత్’ అని పేరిడిరి. అర్థ మొక్కటియే, పరభాషాపద మగుటచే మఱుగైనది. మనలో ‘కడుపుతో నున్నది’ యనుటకు వెనుదీయువారు ‘గర్భవతి’ యనుట యిట్టిదే.

కాన పదము పుట్టువును వర్ణసంబంధముచేతను, దాని మనుగడను లోకమర్యాదచేతను నిర్ణయింపవలెను. మర్యాదను చూచి పుట్టువును కల్పించుట నిరుక్తి కాదు.