పిల్లలకు దివిసీమలో రెండు రాత్రులు

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, దివిసీమను మధ్యలో పెట్టుకుని సముద్రంలో కలుస్తుంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు నిలిచిన నేల అంతా ఏరు మోసుకొచ్చి పోసిన ఒండ్రే. ఇలాంటి చోట ప్రకృతి ఒక పాఠం, చరిత్ర ఇంకో పాఠం అని విడదీసి చెప్పడం కుదరదు. ఒక రేవు ఎందుకు వెలిసిందో, తర్వాత ఎందుకు పూడిపోయిందో చెప్పాలంటే ఏటి గురించి చెప్పాలి. ఒక ఊరు ఎందుకు కొట్టుకుపోయిందో చెప్పాలంటే ఉప్పెన గురించి, అడవి గురించి చెప్పాలి. పొద్దున్నే బస్సెక్కించి, గుడి చూపించి, ఫొటోలు దిగి, చీకటి పడేసరికి ఇళ్ల దగ్గర దించేసే విహారయాత్ర దీనికి చాలదు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఇక్కడ రెండు రాత్రులు బస చేయాలి. ఈ మాటకు సాక్ష్యం ఈ సీమ గతమే ఇస్తుంది.

ముందు సీమ పొరుగునే ఉన్న ఘంటసాలను చూద్దాం. రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో కంటకోస్సిల అని రాసిన వర్తక కేంద్రం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల కాలంలో బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో వేయించిన శాసనం కంటకసోల మహాచైత్యాన్ని పేర్కొంటుంది. అక్కడ తూర్పు ద్వారం దగ్గర తాను కట్టించిన రాతి మండపాన్ని ఆమె తన దానాల జాబితాలో చేర్చింది. పందొమ్మిదో శతాబ్ది చివర అలెగ్జాండర్ రీ ఇక్కడి స్తూపాన్ని తవ్వి వివరాలు ప్రచురించాడు. ఇప్పుడు ఆ ఊళ్లో నిలబడితే చుట్టూ వరి మళ్లు, పంట కాలువలు తప్ప ఓడ వచ్చే దారి కనిపించదు. సముద్రం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. ఆనాటి రేవు కడలి ఒడ్డునే ఉందా, లోపలి ఏటిపాయ మీద ఉందా అన్నది పండితులు తేల్చుకోవలసిన విషయం. ఎటు తేలినా, నీటి దారి జరిగిపోయిందన్నది మాత్రం పదేళ్ల పిల్లకు కూడా కంటికి తెలుస్తుంది. బందరు (మచిలీపట్నం) కథా అంతే. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చి దిగింది ఇక్కడి కలంకారీ బట్టల కోసం. తర్వాత మేటలు వేసి రేవు లోతు తగ్గింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు ముప్పైవేల మందిని పొట్టన పెట్టుకుంది. వర్తకం తరలిపోయినా అద్దకం పని పోలేదు. బందరు దగ్గరి పెడనలో ఈనాటికీ బట్టను కరక్కాయ రసంలో, పాలలో తడిపి ఆరబెడతారు. చెక్క అచ్చుతో నల్ల గీత వేస్తారు. ఆ నలుపు ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో ఊరబెట్టగా వచ్చింది. పటిక అద్దిన చోట బట్టను ఉడకబెట్టాక గాని ఎరుపు తేలదు. తేలిన రంగు నిలవాలంటే బాగా ఉతకాలి, అందుకు కాలువ నీళ్లు కావాలి. వృత్తికీ ఏటికీ ఉన్న ఈ ముడి పుస్తకంలో బొమ్మ చూస్తే అంతుపట్టదు.

బడి గడప దాటడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. వీధి బడుల కాలంలో దసరా వచ్చిందంటే అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకుని ఊరంతా తిరిగేవారు. రంగు కాగితాలు అంటించిన విల్లంబులు, గిలకలు పట్టుకుని పిల్లలు ఇంటింటి ముందూ పద్యాలు చదివేవారు. గృహస్థులు అయ్యవారికి తోచింది ఇచ్చి, పిల్లలకు పప్పుబెల్లాలు పెట్టేవారు. ఊరు బడిని పోషించే ఏర్పాటు అది. పిల్లలు తమ చదువును ఊరికి వినిపించే రోజు కూడా. అయితే ఆ బడిలో ఊరి పిల్లలందరికీ చోటు లేదు. దళితుల పిల్లలు, ఆడపిల్లల్లో చాలామంది ఆ వరసలో లేరు. ఆ కాలాన్ని తిరిగి తెచ్చుకోమని ఎవరూ అడగనక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్ది రెండో సగంలో మద్రాసు ప్రభుత్వం పరీక్ష ఫలితాలను బట్టి బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టింది. ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగేదే చదువు అన్న అలవాటు బలపడడంలో దాని పాత్ర పెద్దది. ఆ అలవాటుకు బందరు నుంచే ఒక జవాబు వచ్చింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. పుస్తకాల చదువుతో పాటు నేత, వడ్రంగం, చిత్రలేఖనం వంటి చేతిపనులకు అక్కడ చోటిచ్చారు. జాతీయ పతాకానికి రూపమిచ్చిన భట్లపెనుమర్రు వాసి పింగళి వెంకయ్య అక్కడ పనిచేసినవారే. అది ప్రాథమిక పాఠశాల కాదు, నిజమే. కాని తన నేలనూ దాని మీది పనులనూ ఎరగని చదువు సగం చదువేనన్న పట్టుదల ఈ జిల్లాలో నూరేళ్ల కిందటే ఉందనడానికి అంతకన్న రుజువు అక్కర్లేదు.

ఇక రాత్రి ఉండడం ఎందుకంటే, పోటూ పాటూ బస్సు వేళలకు రావు గనుక. ఏటి మొగలో నీరు రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఆ వేళ రోజురోజుకూ జరుగుతుంది. పడవ ఎప్పుడు కదలాలో, వల ఎప్పుడు వేయాలో అదే చెబుతుంది. సాయంత్రం నీళ్లలో మునిగి కనిపించిన మడ చెట్టు చుట్టూ, పొద్దున పాటు వేళ బురదలోంచి పెన్సిళ్లంత వేర్లు వందలుగా నిక్కి కనిపిస్తాయి. చెట్టు గాలి పీల్చేది వాటితోనే. ఆకు తిప్పి అడుగున నాలుక ఆనిస్తే ఉప్పు తగులుతుంది. వేరు వడకట్టగా మిగిలిన ఉప్పును ఆకు బయటికి నెడుతుంది. 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యంలో తిరిగే బావురు పిల్లి చేపల వేటకు వెళ్లేది ఎక్కువగా రాత్రిపూటే. ఆలివ్ రిడ్లీ తాబేలు గుడ్లు పెట్టడానికి ఇసుక ఎక్కేదీ రాత్రే. మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చి వెళ్లే బస్సుకు వీటిలో ఒక్కటీ దొరకదు.

పసివాళ్లకు 1977 గురించి చెప్పవచ్చా అన్నది బరువైన ప్రశ్న. ఆ నవంబరు 19న వచ్చిన ఉప్పెన ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేల మందిని మింగింది. సొర్లగొంది లాంటి తీరపు ఊళ్లలో కుటుంబాలకు కుటుంబాలే పోయాయి. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు వంటివారు సహాయానికీ పునరావాసానికీ తమ కాలమంతా వెచ్చించారు. పిల్లలు జడుసుకుంటారన్న భయం అర్థం చేసుకోదగినదే. అందుకే శవాల లెక్కలు వాళ్లకు చెప్పకూడదు. కాని బతికి బయటపడిన పెద్దలు ఈ ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఏ చెట్టు పట్టుకున్నారో, ఏ మేడ ఎక్కారో వాళ్ల నోట వినడం భయపెట్టదు, జాగ్రత్త నేర్పుతుంది. ఆ తర్వాతే తీరం పొడుగునా తుపాను షెల్టర్లు లేచాయి. చాలాచోట్ల వాటిని బడులుగా కూడా వాడుకున్నారు. పక్కాగా ఉన్న అలాంటి భవనంలోనే పిల్లలు పడుకుంటే, ఎత్తయిన స్తంభాల మీద దాన్ని ఎందుకు కట్టారో ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

పాములు, నీటిగండం, ఖర్చు అని తల్లిదండ్రులు, మాస్టార్లు చెప్పే అభ్యంతరాలు ఊరికే తోసిపుచ్చేవి కావు. హంసలదీవి దగ్గర స్నానాలకు దిగి మునిగిపోయినవారున్నారు. కాబట్టి పిల్లలెవరూ నీళ్లలోకి దిగరాదు; తల్లులు కొందరు తోడు రావాలి; టార్చిలైట్లు, బూట్లు, దగ్గర్లోని ఆసుపత్రి ఫోను నంబరు ముందే చూసుకోవాలి. ఖర్చుకు వస్తే, నగరంలో సినిమా సెట్టింగులు చూపించే యాత్రకన్న ఇది తప్పకుండా చౌక. ఇక్కడే పుట్టినవాళ్లకు ఇక్కడిదే చూపించడమేమిటని అడగవచ్చు. అవనిగడ్డ పిల్లల్లో మడ అడవిలోకి అడుగుపెట్టినవారెందరో, ఘంటసాల మ్యూజియం గుమ్మం ఎక్కినవారెందరో బళ్లో చేతులెత్తమంటే తెలిసిపోతుంది. జాతీయ విద్యా విధానం 2020 పుస్తకాల సంచి లేని పది రోజులను ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పెట్టింది. పరిసరాల విజ్ఞానం చదివే నాలుగు, ఐదు తరగతులను వదిలేయడం సరికాదు.

కార్తీక వనభోజనాల రోజులు తుపానుల రోజులు కూడా గనుక అప్పుడు వద్దు. సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరిలో, కోసిన వరి మళ్లలో మినుము పచ్చగా ఉన్నప్పుడు, తాబేళ్లు ఒడ్డెక్కే రోజుల్లో వెళ్లాలి. మొదటి రోజు ఘంటసాల, రెండో రోజు నాగాయలంక మడ అడవి, తిరుగు దారిలో పెడన. కృష్ణా జిల్లా ప్రధానోపాధ్యాయులు వచ్చే ఏడాది వార్షిక ప్రణాళిక రాసేటప్పుడు ఈ మూడు పేర్లూ అందులో చేర్చాలని మనవి.