దళారి కంటే ముందే పుట్టిన కరువు

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డెక్కితే మొయినాబాద్ మండలంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. అజీజ్‌నగర్‌లో విద్యాజ్యోతి, చిలుకూరులో కె.జి.రెడ్డి, యెంకేపల్లి దగ్గర జోగినపల్లి బి.ఆర్. జేఎన్‌టీయూ పరిధిలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, మెషిన్ లెర్నింగ్ పేరుతో ప్రత్యేక బీటెక్ కోర్సులు 2020లో మొదలయ్యాయి. ఆ చదువుకు గ్రాఫిక్స్ కార్డు చాలా అవసరం. సరిగ్గా ఆ ఏడాదే అది బజారులో దొరక్కుండా పోయింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చినాయ్ ట్రేడ్ సెంటర్ మొదలుకొని అమెరికాలోని పెద్ద పెద్ద దుకాణాల దాకా ఎక్కడ అడిగినా ‘స్టాక్ లేదు’ అన్న మాటే. నింద మాత్రం ఒక్కడి మీదే పడింది. సరుకు ముందే కొనేసి రెట్టింపు ధరకు బ్లాకులో అమ్మే దళారి మీద. అతను చేసింది తప్పే. అయితే ఈ కరువు చరిత్రను మొదటి నుంచీ చూస్తే, అతను దాన్ని పుట్టించలేదని, పుట్టిన కరువు మీద బతికాడని అర్థమవుతుంది. అసలు లెక్క తేలింది అతనికి చాలా పైన, కార్డు ఎవరికి ముందు అందాలో నిర్ణయించే చోట.

గ్రాఫిక్స్ కార్డు ఆటల కోసం పుట్టిన వస్తువు. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ తెచ్చిన ‘వూడూ’ కార్డుతో మామూలు కంప్యూటర్‌లో త్రిమితీయ దృశ్యాలు చకచకా కదిలాయి. ఆ రోజుల్లో ఇలాంటి కార్డులు చేసే కంపెనీలు చాలానే ఉండేవి. 1993లో పుట్టిన ఎన్విడియా 1999లో జీఫోర్స్ 256ను విడుదల చేసి, దానికి ‘జీపీయూ’ అని పేరు పెట్టి ప్రచారం చేసింది. మరుసటి ఏడాదే త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తులను కొనడానికి ఒప్పందం కుదుర్చుకుంది. 2006లో ఏఎండీ, కార్డుల కంపెనీ ఏటీఐని కొన్నది. పదేళ్లు తిరిగేసరికి పోటీలో గట్టిగా నిలబడినవి రెండే రెండు కంపెనీలు. ఆ రెంటికీ సొంత చిప్పుల ఫ్యాక్టరీ లేదిప్పుడు. డిజైన్ వీళ్లది, తయారీ ఎక్కువగా తైవాన్‌లోని టీఎస్ఎంసీది, కొంతకాలం కొన్ని చిప్పులు కొరియాలోని శాంసంగ్‌వి. పక్కన పెట్టే మెమరీ చిప్పులనూ ప్రపంచంలో ప్రధానంగా మూడు కంపెనీలే చేస్తాయి. ఇంత ఇరుకు దారిలో ప్రయాణించే సరుకుకు గిరాకీ కాస్త పెరిగినా ఎక్కడో ఒకచోట ఆగిపోక తప్పదు. 2020 కరువుకు పునాది అప్పుడే పడింది.

గిరాకీ పెరిగింది ఆటల వల్ల మాత్రమే కాదు. ఒకే రకం చిన్న లెక్కలను వేల సంఖ్యలో ఒకేసారి చేయడం ఈ చిప్పుకు పుట్టుకతో వచ్చిన విద్య. బొమ్మలోని ప్రతి చుక్క రంగునూ లెక్కగట్టడానికి అది కావాలి. అదే విద్య ఇంకెన్నో పనులకు పనికొస్తుందని తెలియడంతో కథ మారింది. ఎన్విడియా 2006లో ‘క్యూడా’ను ప్రకటించి, ఆటతో సంబంధం లేని లెక్కలకూ కార్డును వాడుకునే తలుపు తెరిచింది. 2012లో టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు మామూలు జీటీఎక్స్ 580 కార్డులు రెండింటితో ‘అలెక్స్‌నెట్’ అనే ఏఐ మోడల్‌కు శిక్షణ ఇచ్చి, బొమ్మలు గుర్తించే పోటీలో అందరినీ వెనక్కి నెట్టారు. ఇంకోవైపు బిట్‌కాయిన్, లైట్‌కాయిన్, ఈథీరియం లాంటి డిజిటల్ నాణేలను కార్డులతో లెక్కలు చేయించి సంపాదించే మైనింగ్ వచ్చింది. 2013 చివర్లో ఏఎండీ కార్డులు మాయమయ్యాయి. 2017లో మళ్లీ ఇద్దరి కార్డులూ దొరకలేదు. ఆ విడతలో మైనింగ్ వల్ల తన గేమింగ్ ఆదాయం ఎంతగా పెరిగిందో మదుపరులకు సరిగా చెప్పలేదన్న అభియోగంపై ఎన్విడియా 2022లో అమెరికా నియంత్రణ సంస్థకు 55 లక్షల డాలర్లు కట్టింది. కార్డులు ఎవరి చేతికి వెళ్తున్నాయన్నది చెప్పదలచుకోని విషయంగా మారిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

2020 సెప్టెంబరులో ఎన్విడియా కార్డు ఆర్‌టీఎక్స్ 3080 వచ్చింది. అమెరికాలో ప్రకటించిన ధర 699 డాలర్లు, మన దగ్గర 71,000 రూపాయలు. కరోనాతో ఇంట్లో కూర్చున్న జనం, ఎగిసిన ఈథీరియం ధర, తెగిపోయిన సరఫరా, ఈ మూడూ ఒక్కసారే కలిశాయి. మనిషి ‘కొను’ మీద నొక్కేలోపే బాట్ ప్రోగ్రాములు స్టాకంతా ఊడ్చేశాయి. మన బజారులో దీనికి వేరే రూపం కనిపించింది. కార్డు విడిగా ఇవ్వరు. మదర్‌బోర్డో పవర్ సప్లయో, కొన్నిచోట్ల కంప్యూటర్ మొత్తమో కొంటేనే ఇస్తారు. కొనేవాడికి అక్కర్లేని సామాను అంటగట్టడం కూడా ధర పెంచడమే, రసీదులో మాత్రం కనిపించదు.

దళారి లేకపోతే ఆ కార్డులు అసలు ధరకు దొరికేవి కదా అన్నది న్యాయమైన ప్రశ్న. కొందరికి దొరికేవి. వందమందికి పది కార్డులున్నప్పుడు దళారిని తీసేస్తే తొంభైమందికి దొరకని కార్డు ఆ పదిమందికి చౌకగా దొరుకుతుంది, అంతే. కరువు తీరదు. అతనే కారణమైతే అతను పోగానే ధర కిందికి రావాలి. దానికి పరీక్ష 2022లో జరిగిపోయింది. సెప్టెంబరు 15న ఈథీరియం మైనింగ్‌నే వదిలేసింది. మైనింగ్ కార్డులు సెకండ్ హ్యాండ్ బజారులో కుప్పలు పడ్డాయి, బ్లాకులో అమ్మేవాళ్ల సరుకు చేతిలోనే మిగిలిపోయింది. రెండు నెలలకు కొత్త తరం ఆర్‌టీఎక్స్ 4080 వచ్చింది. దాని ప్రకటిత ధర 1,199 డాలర్లు. దళారి వెళ్లిపోయాడు, అతను వసూలు చేసిన అదనపు సొమ్ములో పెద్ద భాగం కంపెనీ స్వయంగా ధర రూపంలో పెట్టెలోకి చేర్చుకుంది. తయారీ ఖర్చు పెరిగిందని కంపెనీ అన్నది, అందులో నిజం ఉంది. టీఎస్ఎంసీ కొత్త ప్రక్రియ ఖరీదైనదే. కానీ ఒకే తరగతి కార్డు రెండేళ్లలో 500 డాలర్లు పెరగడానికి ఖర్చు ఒక్కటే కారణమంటే నమ్మలేం. అంత పెట్టి కొనేవాళ్లు ఉన్నారని కరువు రోజుల్లో దళారే చూపించాడు.

చట్టంతో ఆపలేమా అంటే, మన దేశంలో సగం చట్టం ఉంది. అమెరికాలో బాట్లతో కొనడాన్ని నిషేధిస్తూ 2016లో చేసిన చట్టం టికెట్లకే పరిమితం. మనకు ప్యాకింగ్ సరుకంతటి మీదా ఎంఆర్‌పీ ఉంది. 1990 నుంచి పన్నులన్నీ కలిపి గరిష్ఠ ధర అచ్చు వేయాల్సిందే. విదేశీ కార్డు పెట్టె పక్కన అంటించిన తెల్ల స్టిక్కరును దగ్గరగా చూడండి. దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, అన్నీ ఉంటాయి. ఆ ఎంఆర్‌పీ మామూలు రోజుల్లో బజారు ధర కంటే చాలా పైన ఉంటుంది. ఆ అంకె వేసేది దిగుమతిదారే కాబట్టి, కరువు రోజుల్లో ధర ఎంత పెరిగినా చాలాసార్లు గీత లోపలే ఉంటుంది, తప్పు పట్టడానికి ఏమీ మిగలదు. దుకాణదారుడి మీద దాడి చేసినంత మాత్రాన సరిపోదని నేననేది అందుకే.

అదే బీజాపూర్ రోడ్డు మీదున్న చేవెళ్ల రైతుకు కొరత, ధరల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. 2023 జులైలో హైదరాబాద్‌లో కిలో టమాటా వంద దాటింది. పంట ఎక్కువైన రోజుల్లో కోత కూలి కూడా రాక రోడ్డు మీద పారబోసిన టమాటా కూడా ఈ రైతులదే. అక్కడా దళారిని తిట్టుకుంటాం. అయినా నాటిన రెండు మూడు నెలలకు కొత్త కాపు వస్తుంది, ధర దిగుతుంది. చిప్పుల విషయంలో ఆ సర్దుబాటుకు ఏళ్లు పడుతుంది. టీఎస్ఎంసీ అమెరికాలోని అరిజోనాలో ఫ్యాక్టరీ కడతామని 2020 మేలో ప్రకటిస్తే, పూర్తిస్థాయి ఉత్పత్తి 2024 చివరికి గానీ మొదలు కాలేదు. ఈలోగా ఉన్న కాస్త సరుకు ఎవరికి ముందు ఇవ్వాలన్నది కొందరి నిర్ణయమవుతుంది.

ఆ నిర్ణయం ఎటు మొగ్గిందో కంపెనీ లెక్కలే చెబుతాయి. 2020లో ఒక త్రైమాసికంలో మొదటిసారి ఎన్విడియా డేటా సెంటర్ ఆదాయం గేమింగ్‌ను దాటింది. 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో మొత్తం 13,050 కోట్ల డాలర్ల ఆదాయంలో డేటా సెంటర్లది సుమారు 11,500 కోట్లు, గేమింగ్‌ది 1,135 కోట్లు. సిలికాన్ పలక మీద చోటు, మెమరీ, చిప్పుల ప్యాకేజింగ్ సామర్థ్యం, అన్నీ ఎక్కువ లాభమిచ్చే వైపుకే వెళ్తాయి. 2025 డిసెంబరులో ఆ మూడు మెమరీ కంపెనీల్లో ఒకటైన మైక్రాన్ తన ‘క్రూషియల్’ పేరుతో సామాన్యులకు అమ్మే మెమరీ వ్యాపారాన్నే మూసేస్తామని ప్రకటించింది. ఆ డేటా సెంటర్లు ఎక్కడో లేవు. చేవెళ్ల నియోజకవర్గంలోనే, షాబాద్ మండలం చందనవెల్లిలో అమెజాన్ కేంద్రం ఉంది. ఆ కంపెనీ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. మైక్రోసాఫ్ట్ కూడా అక్కడ భూమి తీసుకుంది. ఇలాంటి సంస్థలకు వరసలో నిలబడే అవసరం రాదు. తయారీదారుతోనే నేరుగా, ఏళ్ల ముందు ఒప్పందాలు చేసుకుంటాయి.

అయితే విద్యార్థికి కార్డెందుకు, ఆ కేంద్రాల నుంచే గంటల లెక్కన అద్దెకు తీసుకోవచ్చు కదా? పెద్ద మోడల్‌కు శిక్షణ ఇవ్వడానికి అదే సరైన దారి, కాదనను. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో 10,372 కోట్లతో ఆమోదించిన ఇండియాఏఐ మిషన్ 2025 నాటికి 38,000కు పైగా జీపీయూలను గంటకు సుమారు 65 రూపాయల చొప్పున అందుబాటులోకి తెచ్చింది. ఇది మంచి పని. కానీ నేర్చుకునేటప్పుడు చాలా ప్రయత్నాలు విఫలమవుతాయి, ప్రతి విఫల ప్రయత్నానికీ మీటరు తిరుగుతుంటే ప్రయత్నించే ధైర్యమే సన్నగిల్లుతుంది. సొంత కార్డుంటే రాత్రంతా తప్పులు చేయొచ్చు. అందుకని కాలేజీలు విడివిడిగా ఒక్కో ల్యాబుకు నాలుగు కార్డుల కోసం డీలర్ల చుట్టూ తిరగడం మాని, మొయినాబాద్ మండలంలోని కాలేజీలన్నీ కలిసి ఒకే ఆర్డరు పెట్టుకుంటే, కనీసం డిస్ట్రిబ్యూటరు స్థాయిలో బేరమాడే బలం వస్తుంది. ప్రభుత్వం చేయదగ్గ పని మరొకటుంది. దిగుమతిదారు ఏ ధరకు తెచ్చాడో కస్టమ్స్ దగ్గర ఉంటుంది, ఎంఆర్‌పీ స్టిక్కరు మీద ఉంటుంది. కరువు వచ్చిన నెలల్లో ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ప్రకటించమని అడగాలి.