రేపు లంబసింగికి

డిసెంబరు నెల, శుక్రవారం సాయంత్రం ఆరు దాటింది. గాజువాకలో ఒక మెకానిక్ షెడ్డు ముందు ఆరు బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. రెండు బుల్లెట్లు, ఒక హిమాలయన్, రెండు పల్సర్లు, చివర మీ ఎంటీ-15. రేపు పొద్దున్నే ఆరింటికి ఇవన్నీ కలిసి బయల్దేరాలి. రాత్రికి లంబసింగిలో టెంట్లు వేసుకుని, ఆదివారం తెల్లవారుజామున మంచు చూసి దిగాలి. ఈ గుంపుతో మీకిదే మొదటి ప్రయాణం.

మంచు కోసం చాలామంది అర్ధరాత్రి విశాఖలో బయల్దేరి, నిద్రమత్తులో ఘాట్ ఎక్కుతారు. ఈ గుంపుది ఆ పద్ధతి కాదు. పగలే ఎక్కుతారు, చీకటి పడేలోపు టెంట్లు వేస్తారు, కంటి నిండా నిద్రపోతారు. అంత నిదానంగా వెళ్లాలంటే ముందు రోజు ఇంత పని ఉంటుందని ఈ షెడ్డు దగ్గరికి వచ్చాకే తెలుస్తుంది.

మెకానిక్ అన్న మొదటి బుల్లెట్టుకు సెంటర్ స్టాండ్ వేసి, చైను కింది వరస మధ్యలో వేలు పెట్టి పైకీ కిందికీ ఆడిస్తాడు. "చూసినారా, ఎంత ఒదులయిపోనాదో!" స్కేలు పెడితే దాదాపు రెండంగుళాలు ఊగుతోంది. అంగుళం, అంగుళంపావు చాలు. ఇంజన్ ఆపేసి ఉంది కాబట్టి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ చైను ఎక్కడ బాగా బిగుస్తోందో వెతుకుతాడు. కొలత అక్కడే తీసుకోవాలి. తర్వాత యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు పక్కలా అడ్జస్టర్లను సమానంగా తిప్పి, గుర్తులు ఒకే గీతకు వచ్చాయో లేదో మోకాళ్ల మీద కూర్చుని చూస్తాడు. ఇంకొంచెం బిగించమని బండి ఓనరు అడిగితే ఒప్పుకోడు. రేపు సామాను బరువుకు వెనక స్ప్రింగులు దిగుతాయి, అప్పుడు చైను ఇంకా బిగుస్తుంది. ఇప్పుడే బిగించేస్తే బేరింగుల ప్రాణం తీసినట్టే.

పక్కనే గోనెపట్టా మీద సామాను పరిచి ఉంది. బుల్లెట్లవి, హిమాలయన్‌ది స్పోకు చక్రాలు, లోపల ట్యూబులు. మిగతా మూడూ ట్యూబ్‌లెస్. అందుకే రెండు రకాల సరంజామా వెళ్లాలి: ప్లగ్ కిట్టు, ముందు వెనక చక్రాలకు సరిపడే ట్యూబులు, టైరు లీవర్లు, కాలి పంపు. పానాలు, క్లచ్ వైరు, బ్రేకు లీవరు, ఫ్యూజులు ఒక డబ్బాలోకి వెళ్తాయి. ఆ డబ్బా గుంపు చివర వచ్చే బండి మీద ఉంటుంది. ఆగిపోయినవాడి దగ్గరికి చివరివాడు ఎలాగూ వస్తాడు. ముందు వెళ్లిపోయినవాడి దగ్గర పానాలుండి ఏం లాభం?

మెకానిక్ ఒక్కో బండీ చూసుకుంటూ వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఈలోగా మిమ్మల్ని మేడ మీదికి తీసుకెళ్తారు. అక్కడ టెంట్లు విప్పి చూస్తున్నారు. డాబా మీద మేకులు దిగవు కాబట్టి మూలలకు ఇటుకలు పెట్టారు. ఒక టెంటు కర్ర లోపలి ఎలాస్టిక్ తాడు తెగి, ముక్కలు విడివిడిగా జారిపోతున్నాయి. ఈ సంగతి రేపు కొండ మీద చలిలో తెలిసి ఉంటే ఎలా ఉండేదో మీకు వేరే చెప్పనక్కర్లేదు. తాడు మార్చి ముడేస్తారు. కింద పరిచే టార్పాలిన్ టెంటు అంచు దాటి బయటికి వచ్చిందని ఒకతను దాన్ని లోపలికి మడుస్తాడు. బయట మిగిలిన పట్టా మీద మంచు నీరు చేరి టెంటు కిందికే పారుతుంది. చలని జిప్పులన్నీ బిగించుకోవద్దని కూడా అతనే చెబుతాడు. ఊపిరిలోని తేమ బయటికి పోయే దారి లేకపోతే లోపలి గుడ్డంతా చెమ్మగిల్లి, తెల్లారేసరికి దుప్పట్లు తడిసిపోతాయి.

లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం కొన్ని రాత్రులు అక్కడ ఐదు డిగ్రీల కంటే తక్కువకి పడిపోతుంది. చిన్న గ్యాస్ స్టవ్‌లో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడమే మానేస్తుంది. అంత చలి లేకపోయినా మంట నీరసిస్తుంది. రాత్రి గ్యాస్ డబ్బాను దుప్పటిలో చుట్టి ఉంచితే పొద్దున టీకి ఇబ్బంది ఉండదు. స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ టెంటు లోపల వెలిగించకూడదు. వాటి నుంచి వచ్చే వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తిండికి రాత్రి చింతపండు పులిహోర, పొద్దున పోపు వేసి వేయించి తెచ్చుకున్న ఉప్మారవ్వ.

ఎనిమిదింటికి అందరూ మ్యాపు చుట్టూ కూర్చుంటారు. గుంపును నడిపించే పెద్దన్న వేలితో దారి చూపిస్తాడు. అనకాపల్లి, తాళ్లపాలెం దగ్గర హైవే వదలడం, నర్సీపట్నం, ఆ తర్వాత ఘాట్. మీ బండి ట్యాంకు పది లీటర్లది, అందరిలోకీ చిన్నది. పెట్రోలు ఎక్కడ ఆగి కొట్టించాలన్నది దాన్నిబట్టే లెక్కేస్తాడు. నర్సీపట్నంలో అందరూ నింపుకోవాల్సిందే. కొండ మీద ఫోన్లు అన్నిచోట్లా పలకవు కాబట్టి ఒక్కటే నియమం. మలుపు తిరిగే ప్రతి చోటా వెనక బండి అద్దంలో కనబడేదాకా ఆగాలి. ఎవరికి వాళ్లు తమ వెనకవాణ్ని చూసుకుంటే గుంపులో ఎవరూ తప్పిపోరు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకుండా రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచాలి. మంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి కళ్లల్లోకే కొడుతుంది, లోబీమే వేయాలి.

తర్వాత ఆయన ఆ కొండల సంగతి చెబుతాడు. ఈ మన్యంలో రోడ్డు పనులకు గిరిజనుల్ని కూలి సరిగా ఇవ్వకుండా వాడుకున్న గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద కోపం 1922 నాటి తిరుగుబాటుకు ఒక కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట దాడి చేసింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద. లంబసింగి చింతపల్లి మండలంలోదే. "ఆళ్ల కష్టం మీద నడిచే దారి. అడక్కుండా ఎవరి తోటలోనూ టెంటు వేయం. రిజర్వు ఫారెస్టులో మంట వేయడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం, నెగడు మాటే వద్దు. చెత్త మొత్తం మన సంచిలోనే కిందికి రావాలి." ఎవరూ మారు మాట్లాడరు.

తొమ్మిదింటికి కింది నుంచి పిలుపు. మెకానిక్ అన్న మీ వెనక టైరు దగ్గర టార్చి పట్టుకుని కూర్చున్నాడు. గాడిలో అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మె ఉంది. దాని మీదుగా బొటనవేలు రుద్దమంటాడు. వేలికి ఎత్తూ పల్లం ఏమీ తగలదు. టైరు ఆ దిమ్మె దాకా అరిగిపోయింది. "ఇది ఘాట్‌కి పనికిరాదు బాబూ. తడి మలుపులో జారిపోద్ది." టైరు షాపులు మూసేశారు. మళ్లీ తెరిచేది రేపు పదింటికే.

మీకు మొహం చెల్లదు. "మీరు ఆరింటికే వెళ్లిపోండన్నా, టైరు వేయించుకుని వెనకాల అందుకుంటాను" అంటారు.

పెద్దన్న తల అడ్డంగా ఊపుతాడు. "అందుకోవాలని వచ్చేవాడే స్పీడుగా వస్తాడు తమ్ముడూ. అదీ కొత్త టైరుతో, ఒక్కడివీ. కొత్త రబ్బరు నున్నగా ఉంటాది, కొంత దూరం తిరిగేదాకా పట్టు దొరకదు."

ఆయన కాగితం మీద ఆరు కొట్టేసి పదకొండు రాస్తాడు. రెండింటికి నర్సీపట్నంలో భోజనం, మూడున్నరకు ఘాట్, నాలుగున్నరకల్లా టెంట్లు. పొద్దుగూకేది ఐదు దాటాక. చీకటి పడేలోపు చేరడమొక్కటే మారకూడని టైము. మిగతావన్నీ మార్చుకోవచ్చు. ఆరుగురికీ అరపూట పోయింది, ఎవరి మొహంలోనూ విసుగు లేదు. ఆలస్యాన్ని ఇలా పంచుకోవడం వచ్చినవాళ్లనే గుంపు అనాలి.

తర్వాత అదే కాగితం మీద వరస రాస్తాడు. ఒకటి తనది. చివరిది పానాల డబ్బా ఉన్న బుల్లెట్టుది. రెండో నంబరు పక్కన మీ పేరు. రేపు మీ వేగాన్ని తన అద్దంలో చూసుకుంటూ ఆయన నడుపుతాడు, ఆ వేగానికే మిగతా నాలుగు బండ్లూ వస్తాయి.