ముక్కుపుడక కాదు, సూది!

2015 గోదావరి పుష్కరాలకు మా అత్తవారి ఊరు మోర్తాడ్ నుంచి పోచంపాడు వెళ్ళాం. మెట్ల పక్క తడిమట్టిలో ఏదో తళుక్కుమంది. "ఎవరిదో ముక్కుపుడకే!" అంటూ అత్తయ్య వంగారు. తీరా చూస్తే ఇంజెక్షన్ సూది!

1987, 88 వేసవుల్లో న్యూయార్క్, న్యూజెర్సీ తీరాలకూ ఇలాగే సూదులు కొట్టుకొచ్చాయి. బీచ్‌లు మూసేశారు. జనం ఎయిడ్స్‌కి హడలిపోయారు గాని, ఒంటి బయట ఏడు రోజులైనా బతకగలిగేది కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి క్రిమి. ఆసుపత్రి చెత్తకు 1988లో అమెరికా చట్టం చేసింది. 1998లో మన దేశం నిబంధనలు తెచ్చింది.

మరి ఇంటి చెత్తకో? తిరిగొచ్చి చూద్దును కదా, మావారి ఇన్సులిన్ సూదులు కూరగాయల తొక్కల్లోనే ఉన్నాయి! రోజూ ఆ బుట్ట ఎత్తే అమ్మాయి వట్టి చేతులు కళ్ళలో మెదిలాయి. ఆనాటి నుంచి మూత ఉన్న గట్టి డబ్బాలోనే వేస్తున్నాను. మీరూ ఓసారి మీ బుట్ట చూసుకోరూ?