కలంకారీ బొమ్మా, కలంకారీయా?

కిందటేడాది మా టీమ్ అవుటింగుకి టీషర్టులు వేయించే పని నా నెత్తిన పడింది. నెట్‌లో ఓ కలంకారీ నెమలి దొరికింది. ఫైలు పంపిస్తే మాదాపూర్‌లో ఓ షాపతను సాయంత్రానికల్లా ముప్ఫై టీషర్టులు చేతిలో పెట్టాడు. "కలంకారీ టీషర్టులు వచ్చేశాయ్" అని అందరికీ మెయిలు కొట్టేశాను. మా టీములో ఓ బందరు కుర్రాడున్నాడు. చొక్కా లోపలి వైపు తిరగేసి చూసి, "అన్నా, ఇది కలంకారీ బొమ్మ. కలంకారీ కాదు" అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. ఏమిటా తేడా అని కాస్త చదివాను.

నూలుగుడ్డ మీద బొమ్మ వేయడంలో అసలు చిక్కు రంగు పాకిపోవడం. టీషర్టు మెషీనువాళ్ళు ముందుగా ఓ ద్రావకం కొట్టి ఆరబెడతారు. ఆ తర్వాతే ఇంక్‌జెట్. మనవాళ్ళు ఈ పనే కరక్కాయ, గేదెపాలు కలిపి చేశారు. పాలలోని కొవ్వు రంగుని పాకనివ్వదు. కరక్కాయ వగరు, తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ ఊరిన నీళ్ళతో కలిస్తే నలుపు. పటిక అద్దిన చోట చిరివేరు ఎరుపు పట్టుకుంటుంది. మెషీను ఇంకు గుడ్డ పైన అంటుకుని ఉంటుంది, ఈ రంగు నూలుపోగులోకే దిగుతుంది. వాడు చొక్కా తిరగేసింది అందుకన్నమాట.

ఇంతకీ ఈ కథకి మన హైదరాబాదు మూలం కూడా ఉంది. మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి రేవు. 'కలంకార్' పారశీక మాట. ఇంగ్లీషువాళ్ళు అక్కడ 1611లో కొట్టు పెట్టుకున్నారు. ఈ అద్దకం గుడ్డలకి యూరప్ ఎంత పడిపోయిందంటే, సొంత నేతగాళ్ళ గోల తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో ఒకటి, 1721లో ఇంకోటి చట్టాలు చేసింది. అయినా మోజు తగ్గలేదు. దాంతో గుట్టు లాగే పని మొదలైంది. తెలుగు నిఘంటువు కూర్చిన ఫ్రెంచి ఫాదరీ కేర్దూ, 1742లో మన అద్దకంవాళ్ళ దగ్గర పద్ధతంతా కనుక్కుని ఉత్తరం రాసి పంపాడు. అచ్చమైన రివర్స్ ఇంజనీరింగ్! 1783లో థామస్ బెల్ రోలర్ ప్రింటింగుకి పేటెంటు తీసుకున్నాక, పోటీ చేయికీ మెషీనుకీ మధ్యకి వచ్చింది.

మెషీన్లు వద్దని నేననను. అన్నం పెట్టేది అవే. ఆ మాటకొస్తే ఇప్పటి బందరు కలంకారీలో కలమే లేదు, టేకు అచ్చులతో అద్దుతారు. కలం పట్టేది శ్రీకాళహస్తిలో. పద్ధతులు మారతాయి, తప్పులేదు.

తప్పు పేరు దగ్గరే. 1999 చట్టం కింద బందరుకీ కాళహస్తికీ కూడా జీఐ గుర్తింపు ఉంది. అది కాపాడేది పేరుని. తరతరాల నాటి నెమలిని ఎవరైనా ప్రింటేసుకోవచ్చు. కానీ దాన్ని 'కలంకారీ' అని అమ్మితే, పెడనలో రోజుల తరబడి ఉడకబెట్టి, ఉతికి, ఆరేసిన గుడ్డ ధర కొనేవాడికి మోసంలా కనిపిస్తుంది. 'అక్కడ రెండొందలకే వచ్చింది కదా' అంటాడు. ముప్ఫైమందికి ఆ మాట నేర్పింది నేనే.

సైబర్ టవర్స్ పక్కనే శిల్పారామం. ఇన్నేళ్ళుగా దాని ముందునుంచే ఆఫీసుకి పోతున్నా, ఒక్కసారీ గుడ్డ తిరగేసి చూడలేదు. మర్నాడు ఇంకో మెయిలు కొట్టాను: "సవరణ: కలంకారీ బొమ్మతో డిజిటల్ ప్రింటు."