'జెట్ బ్లాక్ బ్లూస్'లో ట్రంపెట్ ఎవరిది?

1929 ఏప్రిల్ 30న న్యూయార్కులో ఓకే అనే రికార్డుల కంపెనీ 'జెట్ బ్లాక్ బ్లూస్', 'బ్లూ బ్లడ్ బ్లూస్' అనే రెండు పాటలను ఒకే ప్లేటుకు రెండు వైపులుగా రికార్డు చేసింది. లేబుల్ మీద అచ్చయిన పేరు 'బ్లైండ్ విల్లీ డన్స్ జిన్ బాటిల్ ఫోర్'. అసలు బ్లైండ్ విల్లీ డన్ అనే సంగీతకారుడే లేడు. ఆ పేరు చాటున గిటారు వాయించినవాడు ఫిలడెల్ఫియాలో పుట్టిన ఇటాలియన్ కుటుంబపు కుర్రవాడు సాల్వతోరే మస్సారో. జాజ్ లోకానికి అతను ఎడ్డీ లాంగ్. చూపుకు ఏ లోటూ లేనివాడు. రెండో గిటారు న్యూ ఆర్లీన్స్‌కు చెందిన లానీ జాన్సన్‌ది. ఈ ఇద్దరి విషయంలో పేచీ లేదు. పియానో జె.సి. జాన్సన్ అనీ, తాళవాద్యమూ మధ్యమధ్య వినిపించే గొంతూ హోగీ కార్మైకేల్‌వనీ జాబితాలు చెబుతాయి. పేరేమో నలుగురిది, లెక్కకు తేలేది ఐదుగురు. తగాదా అంతా ఆ ఐదో మనిషి దగ్గర, అంటే ట్రంపెట్ దగ్గర వచ్చింది. చాలా ఏళ్ళు ఆ స్థానంలో న్యూ ఆర్లీన్స్ ట్రంపెట్ వాద్యగాడు కింగ్ ఒలివర్ పేరే నడిచింది. తర్వాత వచ్చిన పరిశోధకుల్లో పలువురు అతన్ని తప్పించి టామీ డార్సీని అక్కడ నిలబెట్టారు. ట్రాంబోన్‌తో తర్వాతి కాలంలో దేశమంతా పేరు మోసిన ఆ డార్సీయే ఇతను.

పాత జాజ్ ప్లేటు మీద ఎవరు వాయించారో తేల్చాలంటే చెవికి పని చెప్పడం కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: పేరు ఎందుకు దాచారు? దాచడంలో ఎవరికో ఒకరికి లాభం ఉంటుంది. ఆ లాభం ఎవరిదో తెలిస్తే అనుమానితుల జాబితా సగానికి సగం తగ్గుతుంది. ఓకే కంపెనీ తన 8000 వరుస ప్లేట్లను నల్లజాతి కొనుగోలుదార్ల కోసం విడిగా అమ్మేది. వాటిని రేస్ రికార్డులనేవారు. ఆ వరుసలో ఒక తెల్ల గిటారిస్టు, ఒక నల్ల గిటారిస్టు కలిసి వాయించారని బాహాటంగా చెప్పే ధైర్యం ఆనాటి వ్యాపారానికి లేదు. అప్పటికే బ్లైండ్ లెమన్ జెఫర్సన్, బ్లైండ్ బ్లేక్ వంటి బ్లూస్ గాయకుల ప్లేట్లు బాగా అమ్ముడవుతున్నాయి కాబట్టి లాంగ్‌కు కూడా ఒక 'బ్లైండ్' తగిలించారు. వ్యాపారబుద్ధి ఎంత దూరమైనా పోతుంది.

రెండో కారణం ఒప్పందాలు. 1926 మే 28న షికాగోలో వొకాలియన్ కంపెనీకి 'లిల్స్ హాట్ షాట్స్' పేరుతో వాయించినవాళ్ళు వేరెవరో కాదు, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ బృందమే. ఆర్మ్‌స్ట్రాంగ్ అప్పుడు ఓకే కంపెనీకి కట్టుబడి ఉన్నాడు. పైగా 'జార్జియా బో బో'లో పాడాడు కూడా. ఆ గొంతును ఎవరు మాత్రం గుర్తుపట్టరు! ఓకే మనిషి ఆ ప్లేటు పెట్టి ఈ పాడేదెవరని అడిగితే, తెలియదు గానీ మళ్ళీ ఇలా జరగదని ఆర్మ్‌స్ట్రాంగ్ బదులిచ్చాడని ఒక కథ ప్రచారంలో ఉంది. డ్యూక్ ఎలింగ్టన్ బృందం బ్రన్స్‌విక్ ప్లేట్ల మీద జంగిల్ బ్యాండ్, ఓకే ప్లేట్ల మీద హార్లెం ఫుట్‌వార్మర్స్. ఒకే బృందాన్ని నలుగురికి అమ్ముకోవాలంటే నాలుగు పేర్లు కావాలి మరి.

అయితే మన ప్లేటు విషయంలో ఈ ప్రశ్న ఒక్కటే చాలదు. ఒలివర్ 1929లో విక్టర్ కంపెనీకి రికార్డులు ఇస్తున్నాడు. అంటే ఓకేలో పేరు లేకుండా వాయించడానికి అతనికీ కారణం ఉంది. డార్సీ తెల్లవాడు, రేస్ వరుసలో అతని పేరూ వెయ్యరు. దాచవలసిన అవసరం ఇద్దరికీ సమానమే. ఇక మిగిలింది చెవి. ఒలివర్ పక్షం వాళ్ళు ఆ ట్రంపెట్‌లోని బ్లూస్ గరుకుదనాన్ని చూపి, న్యూ ఆర్లీన్స్ మనిషి తప్ప ఇంకొకరు అలా వాయించలేరన్నారు. ఆ వాదన నిలవదు. ఒలివర్ 1923లో చేసిన రికార్డులు విని ఒక తరం ట్రంపెట్ వాద్యగాళ్ళు ఆ బాణీ నేర్చుకున్నారు. అంతగా అనుకరణకు లోనైన బాణీ ఎవరి చేతిలో వినిపించినా అది గురువుదో శిష్యుడిదో చెవి ఒక్కటే చెప్పలేదు. దీనికి తోడు 1929 నాటికి ఒలివర్ చిగుళ్ళ జబ్బుతో బాధపడుతున్నాడు. ఆ ఏడాది విక్టర్‌కు అతని బృందం చేసిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్'లో ట్రంపెట్ సోలో లూయీ మెట్‌కాఫ్‌దని గుర్తించారు. తన పేరున్న ప్లేటు మీదే సోలో ఇంకొకరికి వదిలిన మనిషిని, తన పేరు లేని ప్లేటు మీద వెతకడం తొందరపాటు.

డార్సీ వైపు ఉన్న సాక్ష్యం బలమైనది. అతన్ని ట్రాంబోన్‌తోనే తలుచుకునే అలవాటు వల్ల కాబోలు, చాలాకాలం ఎవరూ అటు చూడలేదు. 1928 నవంబరులో ఇదే ఓకే కంపెనీకి అతను ట్రంపెట్ పట్టుకుని 'ఇట్స్ రైట్ హియర్ ఫర్ యు', 'టైగర్ రాగ్' రికార్డు చేశాడు. అక్కడ గిటారు ఎడ్డీ లాంగే. అంటే అదే కంపెనీ, అదే గిటారు, అదే వాద్యం, మధ్యలో ఆరు నెలల లోపు వ్యవధి. ఆ ప్లేటునూ ఈ ప్లేటునూ పక్కపక్కన పెట్టి వింటే అప్పుడు చెవి మాటకు విలువ వస్తుంది. పోల్చడానికి పేరు ఖాయమైన నమూనా ఒకటి, కాలమూ స్థలమూ దగ్గరగా ఉన్నది, చేతిలో ఉండాలి. అది లేకుండా ఇది ఫలానావాడి పలుకే అనేవాళ్ళు సాధారణంగా తమ అభిమానాన్నే వింటుంటారు.

ఇంత అనుమానం దేనికి, కంపెనీ కాగితాలు చూస్తే సరిపోదా అనవచ్చు. ప్లేటు మధ్య లేబుల్ చుట్టూ నున్నటి భాగంలో చెక్కి ఉండే మాట్రిక్స్ సంఖ్య గొప్ప ఆధారమే. ఓకే ప్లేట్లలో దాని పక్కన ఎన్నోసారి వాయించినదో చెప్పే అక్షరం కూడా ఉంటుంది. ఆ సంఖ్యను బట్టి రోజునూ, ముందు వెనకల ఎవరు స్టూడియోలో ఉన్నారన్నదీ తేల్చవచ్చు. 1936లో పారిస్‌లో హాట్ డిస్కోగ్రఫీ వేసిన చార్లెస్ డెలోనే, ఆ తర్వాత జాజ్ రికార్డుల మహాజాబితా కూర్చిన బ్రయాన్ రస్ట్ ఇలాంటి సంఖ్యల మీదే తమ పని నిలబెట్టారు. కానీ ఆ కాగితాలు డబ్బు లెక్కల కోసం రాసుకున్నవి. నాయకుడి పేరు రాస్తే వాళ్ళ పని అయిపోయేది, పక్కవాద్యాలు ఎవరివో చాలాసార్లు రాసేవారు కారు. పోనీ వాయించినవాళ్ళనే అడుగుదామంటే లాంగ్ 1933లో, ఒలివర్ 1938లో పోయారు. మిగిలినవాళ్ళకు అది వందల రికార్డింగుల్లో ఒక పూట పని. ఏళ్ళు గడిచాక అభిమాని వచ్చి ఒలివరే కదా అని అడిగితే కాదనడానికి ఎవరికి మనసొప్పుతుంది?

సంగీతం బాగుంటే చాలు, పేర్లతో పనేమిటనే మాట కూడా ఉంది. వినేవాడికి ఆ మాట చెల్లుతుంది, చరిత్ర రాసేవాడికి చెల్లదు. పక్కవాద్యగాళ్ళు ఎక్కువమంది ఆ పూటకింత అని తీసుకుని వెళ్ళిపోయారు, ఎన్ని ప్లేట్లు అమ్ముడైనా మళ్ళీ పైసా రాలేదు. వాళ్ళకు మిగిలే బాకీ పేరొక్కటే. 1902లో కలకత్తాలో రికార్డుకు పాడిన గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకుంది కాబట్టి ఆవిడ విషయంలో సందేహమే లేదు. వెనక సారంగి, తబలా వాయించినవాళ్ళు పేరు చెప్పుకునే వరుసలో లేరు. అది మన దేశపు సంగతే కాదు, అమెరికాలోనూ అంతే.

ఒలివర్ పేరు తీసేస్తే ప్లేటు విలువ పడిపోతుందని భయపడే సేకర్తలు ఇప్పటికీ ఉంటారు. ధర సాక్ష్యం కాదు. ఉన్న ఆధారాలను బట్టి 'జెట్ బ్లాక్ బ్లూస్' వివరం ఇలా రాయాలి: గిటార్లు ఎడ్డీ లాంగ్, లానీ జాన్సన్, ట్రంపెట్ టామీ డార్సీ, పక్కన ఒక ప్రశ్నార్థకం. కొత్త కాగితమేదైనా దొరికే దాకా ఆ గుర్తును ఎవరూ చెరపకూడదు, అక్కడ ఒలివర్ పేరును మాత్రం తిరిగి రాయకూడదు.