ఓట్లకు, సీట్లకు కుదరని లెక్క

ఓటు సీటుగా మారే చోటే ఏ ఎన్నికల పద్ధతికైనా లోపం బయటపడుతుంది. భారత్, బ్రిటన్, కెనడాల్లో నియోజకవర్గంలో మిగతావాళ్లకంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలుపే. సగం ఓట్లు రావాలన్న నియమం లేదు. పోటీ నలుగురి మధ్య ఉంటే మూడో వంతు ఓట్లతోనూ పార్లమెంటుకు వెళ్లొచ్చు.

2014 లోక్‌సభ ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీ దాదాపు 31 శాతం ఓట్లతో 543 స్థానాల్లో 282 గెలుచుకుంది. ఓట్లలో దేశంలో మూడో స్థానంలో నిలిచిన బహుజన్ సమాజ్ పార్టీకి రెండు కోట్లకు పైగా ఓట్లు పడ్డా ఒక్క సీటూ దక్కలేదు. ఓట్లు ఎన్ని అన్నదానికంటే ఎక్కడ పడ్డాయన్నదే ఇక్కడ ముఖ్యం. బ్రిటన్‌లో 2015లో దేశమంతటా 12.6 శాతం ఓట్లు తెచ్చుకున్న యూకే ఇండిపెండెన్స్ పార్టీకి వచ్చింది 1 సీటు. ఒక్క స్కాట్లాండ్‌లోనే పోటీ చేసిన స్కాటిష్ నేషనల్ పార్టీ 4.7 శాతంతో 56 గెలిచింది. రాష్ట్ర స్థాయిలో తెలుగువారికి ఇది పరిచయమైన సంగతే. ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానాల్లో, సుమారు 39 శాతం ఓట్లకు 2019లో తెలుగుదేశానికి 23, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 మాత్రమే వచ్చాయి.

అమెరికాలో అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా ఓడిపోయారు.

ఎవరికీ సగం ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోలింగ్ జరిపే రెండు విడతల పద్ధతిలో చిక్కంతా మొదటి విడతలోనే. ఫ్రాన్స్‌లో 2002లో 16 మంది బరిలో దిగారు. వామపక్ష ఓట్లు చీలి ప్రధాని జోస్పాన్ మూడో స్థానానికి పడిపోయారు. తీవ్ర మితవాది లె పెన్ తుది పోటీకి చేరారు.

దామాషా పద్ధతిలో ఓట్ల శాతాన్ని బట్టే సీట్లు వస్తాయి. కానీ తరచూ ఏ పార్టీకీ మెజారిటీ రాక బేరసారాలు సాగుతాయి. 120 మంది సభ్యులున్న ఇజ్రాయెల్ పార్లమెంటుకు 2019 ఏప్రిల్ నుంచి 2022 నవంబర్ వరకు అయిదుసార్లు ఎన్నికలు జరిగాయి. 2010 ఎన్నికల తర్వాత బెల్జియంలో ప్రభుత్వం ఏర్పడటానికి 541 రోజులు పట్టింది. ఇజ్రాయెల్‌లో దేశమంతా ఒకే నియోజకవర్గం కావడంతో, ఊరి సమస్య చెప్పుకోవడానికి 'మా ఎంపీ' అనే మనిషే ఓటరుకు ఉండడు.

ఇన్ని లోపాల్లో ఏది బరువైనది? సంకీర్ణాల బేరాలు రోజూ పత్రికల్లో కనిపిస్తాయి, విసుగు పుట్టిస్తాయి. లెక్కలోకి రాకుండా పోయిన కోట్ల ఓట్లు మాత్రం ఫలితాల మర్నాటికే మరుగున పడతాయి. ప్రజాస్వామ్యానికి ఎక్కువ నష్టం ఈ రెండోదే.

న్యూజిలాండ్ ఆ నష్టాన్ని గుర్తించింది. అక్కడ 1978, 1981 ఎన్నికల్లో లేబర్ పార్టీకి ఓట్లు ఎక్కువ వచ్చినా అధికారం నేషనల్ పార్టీకే దక్కింది. 1993లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, 1996 నుంచి నియోజకవర్గాలనూ దామాషానూ కలిపిన మిశ్రమ పద్ధతికి మారారు. భారత్‌లో లోక్‌సభ స్థానాలు నాలుగో వంతు పెంచి, ఆ అదనపు సీట్లను దామాషా ప్రకారం నింపాలని లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలో సూచించింది. అది అమలుకు రాలేదు.